పదిహేడో గుంట ఇటుక

ఇటుక పోయింది.

ఒక్కటే ఇటుక. మహా అయితే రెండు కిలోలుంటుంది. దానికంటిన మట్టి కూడా ఇంకా కడగలేదు.

ఇటుక పోయిందని పోలీసులకి ఫోన్ చేస్తే ఎవరైనా నవ్వుతారు. స్టాక్‌టన్ పోలీసు స్టేషన్లో కూడా నవ్వారు. నవ్వి, ఆ కేసు డిటెక్టివ్ లోర్నా జ్యూంగ్ టేబుల్ మీద పడేశారు. చైనా వాళ్ళ గొడవ కదా, చైనా మనిషే చూసుకుంటుందని.

2007 మార్చి 20, మంగళవారం. మధ్యాహ్నం 1.25కి లోర్నా అక్కడికి చేరింది.

అదొకప్పుడు ఫర్నిచర్ షాపు పార్కింగ్. షాపు మూతపడింది. అపార్ట్‌మెంట్లు కడదామని తారు లేపితే కింద పాత సమాధి గుంటలు బయటపడ్డాయి. నలభై ఒకటి. డెల్టాలో కరకట్టలు పోసిన, పొలాల్లో కూలి చేసిన చైనా వాళ్ళవి. యాభై ఏళ్ళ పాటు వాళ్ళ నెత్తి మీద కార్లు పెట్టుకున్నారు జనం.

తవ్వకాల పని చూసే గ్రెగ్ టాలీ మొహం మాడ్చుకుని నిలబడ్డాడు.

"మీకు ఇది చిన్న విషయంలా కనిపించొచ్చు," అన్నాడు.

"నాకేం కనిపిస్తోందో నేను చెప్తాలెండి. ముందు మీరు చెప్పండి."

గ్రెగ్ చెప్పాడు. చచ్చిపోయిన మనిషి తల దగ్గర ఒక ఇటుక బోర్లా పెట్టేవాళ్ళు. దాని మీద పేరు, ఊరు చెక్కేవాళ్ళు. పైన పాతిన చెక్క పుచ్చిపోయినా ఇటుక ఉంటుందిగా. ఏడెనిమిదేళ్ళయ్యాక సంఘం వాళ్ళు వచ్చి గుంట తవ్వి, ఎముకలు కడిగి, పెట్టెలో సర్ది, ఓడ మీద సొంతూరికి పంపేవాళ్ళు. ఆఖరి ఓడ 1948లో వెళ్ళింది. అందుకే నలభై గుంటల్లో చేజారిన వేలి ఎముకలు, ఇటుకలు తప్ప ఏం దొరకలేదు.

"నలభై అన్నారు. ఒకటి తక్కువైంది."

"పదిహేడో గుంట. అందులో మనిషి మొత్తం ఉన్నాడు. పోయిన ఇటుక కూడా ఆయనదే."

"నలభై మందిని పంపించి ఆ ఒక్కణ్ణీ ఎందుకు వదిలేశారు?"

గ్రెగ్ భుజాలెగరేశాడు. సిటీ రిజిస్టర్ ప్రకారం ఆయన పేరు లౌ ఫుక్, 1938లో పోయాడు. కొడుకు వాల్టర్ లౌ ఈ ఊళ్ళోనే ఉన్నాడు. లౌ ఇంటిపేరు వాళ్ళ సంఘానికి ప్రెసిడెంటు. కోర్టు ఎముకలు ఆయనకే ఇచ్చింది. శుక్రవారం పొద్దున పది గంటలకి దహనం.

లోర్నా బల్ల దగ్గరికెళ్ళింది. పొడుగాటి చెక్క మీద ఇటుకలు వరసగా పేర్చి, ఒక్కోదానికీ నంబరు చీటీ కట్టారు. పదహారు ఉంది. పద్దెనిమిది ఉంది. మధ్యలో ఖాళీ.

ఆ ఖాళీ ముందు దుమ్ములో మూడు తడి మచ్చలు. గుండ్రంగా, పక్కపక్కన, కొలిచినట్టు.

లోర్నా వంగి వాసన చూసింది. విస్కీ.

"ఇదెవరి పని?"

గ్రెగ్ గేటు వైపు చూశాడు. గేటు దగ్గర కూర్చున్న గార్డు రే ఓర్టెగాకి చూపు అర్థమైపోయింది. అక్కణ్ణుంచే కస్సుమన్నాడు.

"నా వైపు చూడకండి సార్. నేను మందు మానేసి పదకొండేళ్ళయింది. మా ఆవిణ్ణి అడగండి."

రే లెక్క ఇదీ. 12.10కి పనివాళ్ళంతా తిండికెళ్ళారు. 12.20కి కూరగాయల షాపులో పనిచేసే మొలకల ముసలమ్మ బకెట్ పట్టుకుని లోపలికి దూరింది. మూడు వారాలుగా రోజూ అంతే. గుంటల మధ్య నిలబడి ఏదో అరుస్తుంది. 12.30కి ఈయన బయటికి నెట్టాడు. 12.50కి పనివాళ్ళొచ్చారు. ఇటుక లేదు. ముసలమ్మ తప్ప గేట్లోంచి ఇంకో పురుగు కూడా రాలేదు.

"బకెట్లో చూశావా?"

"ఆవిడ బకెట్లో చెయ్యి పెట్టమంటారా నన్ను? పోయిన వారం కొరకబోయింది."

స్థలం వెనకాల సందు. సందుకి ఇవతల ఇనప కంచె, అవతల లౌ సంఘం హాలు వెనక తలుపు. కంచెకి ఒకచోట టార్పాలిన్ వేలాడుతోంది. లోర్నా ఎత్తి చూసింది. కంచెలో మనిషి పట్టేంత కన్నం ఉంది. పనివాళ్ళు సిగరెట్లకి వెళ్ళే దారట.

1.40కి వాల్టర్ లౌ దిగాడు. ఇస్త్రీ కోటు, మెరిసే బూట్లు. మనిషి సన్నగా, గొంతు మాత్రం హాలంత.

"నువ్వా వచ్చింది," అన్నాడు లోర్నాని చూసి. "నాలుగేళ్ళ కింద మావాళ్ళ పేకాట క్లబ్బు మూయించింది నువ్వే కదూ? మీ తాత మా చొక్కాలు ఉతికేవాడు. ఆయనకి ఉన్న మర్యాద నీకు రాలేదు."

"చొక్కాలు బాగా ఉతికేవాడా?"

"బొత్తాలు ఊడగొట్టేవాడు."

"అయితే నేను ఆయన పోలికే. ఫారం నింపండి."

నింపాడు. పేరు, వాల్టర్ లౌ. చైనా పేరు, లౌ వింగ్ కే. పుట్టింది 1933 అక్టోబరు 19. తండ్రి, లౌ ఫుక్. అనుమానం ఎవరి మీద అన్నచోట పెన్ను కాగితం చిరిగేలా నొక్కి రాశాడు, మా సూయ్ హా అని. మొలకల ముసలమ్మ పేరది. ఆవిడ ఈ స్థలం చుట్టుపక్కలకి రాకుండా ఆర్డరు కావాలన్నాడు. శుక్రవారం దహనం దగ్గర అరుపులు వినలేనన్నాడు.

"ఇటుక మీద ఏం రాసుందో తెలుసా మీకు?"

"మా నాన్న పేరు. లౌ ఫుక్."

"మట్టి కడగలేదుగా. ఎలా చదివారు?"

వాల్టర్ నవ్వాడు. పళ్ళు కనపడ్డాయి గాని నవ్వు కనపడలేదు.

"మా నాన్న ఇటుక మీద మా నాన్న పేరు కాక మీ తాత పేరుంటుందా?"

మూడు గంటలకి లోర్నా కూరగాయల షాపు వెనక గదిలో ఉంది. సూయ్ హా చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని పెసర మొలకల తోకలు తుంచుతోంది. ఎదురుగా కొండంత మొలకలు. తలెత్తలేదు.

"పోలీసువా? చైనా పోలీసువా? ఇంకా మంచిది. రెండు వైపులా తిట్టొచ్చు."

"ఇటుక నువ్వు తీశావా పెద్దమ్మా?"

"ఏది తియ్యాలో తెలిస్తే మొదటి రోజే తీసేదాన్ని."

మాట అలా విసిరేసి మళ్ళీ తోకలు తుంచుకుంది. లోర్నా కదల్లేదు. ఇంకో పీట లాక్కుని కూర్చుని తనూ తుంచడం మొదలుపెట్టింది. ముసలమ్మ కాసేపు ఓరగా చూసింది. తల దగ్గర ఎక్కువ తుంచేస్తున్నావ్, దండగ అంది. తర్వాత నోరు విప్పింది.

వాళ్ళ నాన్న పేరు మా సెక్ హుంగ్. ఆవిడ పుట్టిన ఏడాదే ఇంటి నుంచి తిరిగి ఇక్కడికొచ్చాడు. మళ్ళీ వెళ్ళలేదు. 1938లో పోయాడని, ఈ ఊళ్ళో పూడ్చారని ఉత్తరం వచ్చింది. ఎముకలు వస్తాయని వాళ్ళమ్మ పదేళ్ళు చూసింది. ఊరికి పెట్టెలొచ్చినప్పుడల్లా వెళ్ళి ఒక్కో పేరూ చదివించుకునేది. ఆఖరి పెట్టెలు వచ్చినప్పుడు కూడా వెళ్ళింది. ఆ పేరు లేదు.

సూయ్ హా ఇరవయ్యేళ్ళ కింద దూరపు బంధువు దయ వల్ల ఈ దేశానికొచ్చింది. ఈ ఊరే కావాలని వచ్చింది.

"సిటీ లిస్టులో నలభై ఒక్క పేర్లున్నాయి. మా నాన్న పేరు లేదు. అయినా ఇక్కడే ఉన్నాడు. ఎక్కడో తెలీదు కాబట్టి నలభై ఒకరికీ దండం పెట్టి అరుస్తున్నా. ఎవరో ఒకరు పలుకుతారని."

"ఆయన ఎలా ఉండేవాడు?"

"నేను చూశానా ఏంటి? మా అమ్మ చెప్పిన మూడు ముక్కలే. గబగబా నడుస్తాడు. ఎడం చెవి తమ్మె చీలి ఉంటుంది. చుక్క మందు ముట్టడు, వాళ్ళ నాన్న తాగి తాగి పోయాడని. అంతే. నా తండ్రి అంటే నాకు ఆ మూడు ముక్కలు."

బకెట్లో ఒక టీ ఫ్లాస్కు, తడిగుడ్డ ఉన్నాయి. లోర్నా ఆవిడ గదంతా వెతికింది. గది అనకూడదు, మంచం వేస్తే తలుపు తెరుచుకోదు. ఇటుక లేదు. లోర్నా ఆవిడ ఐడీ కార్డు చూసి ఫారం తనే నింపి, సంతకం చేయించుకుంది.

"శుక్రవారం ఆ కోటాయన ఆ మనిషిని కాలుస్తాడట కదా," అంది సూయ్ హా వెనక నుంచి. "ఆ ఒక్కడే మిగిలాడు అందులో. ఆయన మా నాన్న కాదని నాకెవరైనా చెప్తే బాగుణ్ణు. చెప్పకుండా కాల్చేస్తే, పిల్లా, ఇక నేనెవర్ని అడగాలి?"

బుధవారం పొద్దున 10.15. లౌ సంఘం హాలు.

లోర్నా అడుగు పెట్టగానే మాజాంగ్ ఆట బిళ్ళల చప్పుడు ఆగిపోయింది. అయిదుగురు ముసలాళ్ళు. గోడ వారగా పూర్వీకుల పీఠం, ఎర్ర గుడ్డ, అగరొత్తుల పొగ. వాల్టర్ స్వయంగా టీ పోశాడు. అంచుదాకా, పొర్లేదాకా పోశాడు. మా ఇంట్లోంచి లేచి పొమ్మని చెప్పడానికి ఆ వీధిలో అంతకంటే మర్యాదైన పద్ధతి లేదు. లోర్నా వంగి కప్పు ఎత్తకుండానే ఓ గుక్క తాగింది.

ఒక్కొక్కళ్ళనీ వంటగదిలోకి పిలిచింది. మంగళవారం మధ్యాహ్నం వాల్టర్ ఎక్కడున్నాడు?

మొదటాయన చెప్పాడు. "పన్నెండుకి కూర్చున్నాం. అన్నం, ఉప్పు చేప, ఆవిరి మీద ఉడికించిన పంది మాంసం. వాల్టర్ తూర్పు కుర్చీ. ఒకటింటికి లేచాం."

రెండో ఆయన. "పన్నెండుకి కూర్చున్నాం. అన్నం, ఉప్పు చేప, ఆవిరి మీద ఉడికించిన పంది మాంసం. వాల్టర్ తూర్పు కుర్చీ."

మూడో ఆయనా అంతే. నాలుగో ఆయనా అంతే. ఉప్పు చేప ముందు, పంది మాంసం వెనక. ఒక్క మాట అటూ ఇటూ కాలేదు.

ఆ వరస లోర్నాకి తెలుసు. ఆ పాట కూడా తెలుసు. చిన్నప్పుడు వాళ్ళ తాత నిద్రలో కలవరించేవాడు. మీ ఇంటికి మెట్లెన్ని? మూడు. బియ్యం డబ్బా ఎక్కడుంది? తలుపుకి ఎడమ పక్క. బావి ఎన్ని అడుగులు? నలభై. చైనా కూలీని దేశంలోకి రానివ్వని రోజుల్లో, ఇక్కడి పౌరుడి కొడుకునని చెప్పుకుని దిగేవాళ్ళు. ఆ కొడుకు కాగితం కొన్నదే. దాంతో పాటు ఒక పుస్తకమిచ్చేవాళ్ళు, ప్రశ్నలు, జవాబులు. ఓడలో బట్టీ పట్టి, అది సముద్రంలో పారేసి దిగాలి. ఒక్క జవాబు తేడా వస్తే తిరుగు ఓడే.

ఈ అయిదుగురూ అలా దిగినవాళ్ళే. అబద్ధం చెప్పాలంటే వీళ్ళకి ఒక్కటే పద్ధతి తెలుసు. బట్టీ.

లోర్నా పుస్తకంలో లేని ప్రశ్న వేసింది.

"12.25కి ఫైరింజన్ మోత పెట్టుకుంటూ వీధిలో వెళ్ళింది కదా. కిటికీ దగ్గరికి ఎవరు లేచారు?"

మొదటాయన తడబడ్డాడు. తనే లేచానన్నాడు. రెండో ఆయన, ఎవరూ లేవలేదన్నాడు. మూడో ఆయన, వాల్టరే లేచి కిటికీ మూశాడన్నాడు. నాలుగో ఆయనకి దగ్గొచ్చింది. అయిదో ఆయన అందరికంటే పెద్దవాడు, బట్టతల.

"ఏ ఫైరింజనూ రాలేదు," అన్నాడు. "మీ తాత కూడా ఇంత దొంగే. ఇంక నన్నేం అడక్కు."

ఫైరింజన్ నిజంగానే రాలేదు.

సాయంత్రం 5.30. లోర్నా స్టేషన్లో కూర్చుని ఫైలు సర్దుతోంది. వాల్టర్ ఎందుకు తీస్తాడు? సొంత తండ్రి ఇటుక అడిగితే శుక్రవారం గ్రెగ్గే చేతిలో పెట్టేవాడు. మరి దొంగతనం ఎందుకు? పైగా మంగళవారమే ఎందుకు?

గ్రెగ్‌కి ఫోన్ చేసింది. "ఇటుకలు ఎన్ని కడిగారు?"

"పన్నెండు. పదమూడోది నుంచి ఇరవైదాకా మంగళవారం మధ్యాహ్నం కడుగుదామనుకున్నాం. పొద్దున వాల్టర్‌కి కూడా చెప్పాను, మీ నాన్న ఇటుక ఇవాళ చదివేస్తాం అని."

"కడిగిన పన్నెండింటి మీద పేర్లు రిజిస్టరుతో కలిశాయా?"

"ఏడు కలిశాయి. అయిదు కలవలేదు. రిజిస్టరు రాసినవాడికి చైనా పేర్లు రావు కదా, తప్పు రాసుంటాడు."

లోర్నా ఫోన్ పెట్టేసింది. తప్పు రాయలేదు. బతికినన్నాళ్ళూ కొన్న పేరుతో బతికిన మనిషి, సొంత పేరుతో మట్టిలోకి వెళ్ళాడు. పైన ఆఫీసు చూసే పేరు ఒకటి. కింద సొంతూరి వాళ్ళు చూసే పేరు ఇంకోటి. పైది పోలీసుల కోసం, కిందది ఇల్లు చేరడం కోసం.

ఫైలు మూయబోయింది. చెయ్యి ఆగిపోయింది.

వాల్టర్ ఫారం మీద సూయ్ హా ఫారం ఉంది. రెండిట్లోనూ మూడో గడి. వాల్టర్ లౌ, 1933 అక్టోబరు 19. మా సూయ్ హా, 1933 అక్టోబరు 19.

ముందు తనే పొరపాటున ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి దించానేమో అనుకుంది. కాదు. ఒకటి ఆయన రాసుకున్నాడు. ఇంకోటి తను కార్డు చూసి రాసింది. రెండూ తన చేతిలోంచే వెళ్ళాయి. రోజుకి పైగా తన కళ్ళెదురుగా ఉన్నాయి.

గురువారం పొద్దున 8 గంటలకి లోర్నా పదిహేడో గుంటలో మోకాళ్ళ మీద ఉంది. ఎముకలు ముందే తీసి భద్రం చేశారు. ఇటుక ఉన్నచోట ప్లాస్టిక్ షీటు కప్పి ఉంది.

"ఇటుకలు బోర్లా పెట్టేవాళ్ళన్నారు కదా. చెక్కిన వైపు కిందికా?"

"అవును."

"కింద బంకమట్టి. డెబ్భై ఏళ్ళు అదే చోట. ఆ అక్షరాల అచ్చు దాని మీద కూడా పడి ఉంటుందిగా."

గ్రెగ్ నోరు తెరిచాడు. మూసి, ప్లాస్టర్ డబ్బా కోసం పరిగెత్తాడు.

సాయంత్రం 4 గంటలు. సంఘం హాలు. వాల్టర్, అయిదుగురు ముసలాళ్ళు, గ్రెగ్. సూయ్ హాని లోర్నాయే వెంట తెచ్చింది. ఆవిణ్ణి చూసి వాల్టర్ లేచి నిలబడ్డాడు.

"ఈవిడ ఈ గడప తొక్కడానికి వీల్లేదు."

"కూర్చోండి. ఆర్డరు అడిగింది మీరు. ఇంకా రాలేదు."

ఎవరూ టీ పొయ్యలేదు.

లోర్నా నిలబడే చెప్పింది. గార్డు గేటు చూస్తున్నాడు, కంచె చూడలేదు. హాలు వెనక తలుపు నుంచి బల్ల దాకా రెండు నిమిషాలు. ముసలమ్మ అరుస్తున్నంతసేపూ గార్డు కళ్ళు ఆవిడ మీదే ఉన్నాయి. దొంగకి ఆ అరుపు కలిసొచ్చింది. ఇటుక తీసేముందు దొంగ మూడు కప్పుల మందు పోసి క్షమాపణ అడిగాడు. బిల్డరు మనుషులకి ఆ అలవాటుండదు. తీసినవాడికి ఆ చచ్చిపోయిన మనిషంటే భక్తి. దానికంటే ఎక్కువ, భయం.

"ఈవిడే పోసుంటుంది," అన్నాడు వాల్టర్.

"ఈవిడకి ఏ గుంటో తెలీదు. నలభై ఒకరికీ అరిచింది. పదిహేడే తియ్యాలని తెలియాలంటే పై పేరు, కింద పేరు రెండూ తెలిసుండాలి. ఆ రెండూ తెలిసినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు."

"నోరు జాగ్రత్త. ఆరోజు మధ్యాహ్నం నేను ఇక్కడ..."

"అన్నం, ఉప్పు చేప, పంది మాంసం," అంది లోర్నా.

అయిదుగురూ నేల చూపులు చూశారు.

లోర్నా రెండు ఫారాలు తీసి టేబుల్ మీద పక్కపక్కన పెట్టింది. మూడో గడి మీద వేలు పెట్టింది.

"1933లో మా సెక్ హుంగ్ అనే మనిషి ఊరికెళ్ళి వచ్చాడు. ఈ దేశంలో ఆయన పేరు లౌ ఫుక్. దిగగానే అందరూ చేసే పనే చేశాడు. నాకు ఫలానా తేదీన కొడుకు పుట్టాడని ఆఫీసులో రాయించాడు. కొడుకు అయితే ఒక సీటు, తర్వాత ఎవరికైనా అమ్ముకోవచ్చు. కూతురికి సీటు లేదు. పుట్టింది కూతురు. తేదీ మాత్రం నిజందే."



ఇటుక కింది మట్టిలో పోసి తీసిన ప్లాస్టర్ పలకని లోర్నా సంచిలోంచి బయటపెట్టింది. తెల్లగా, మట్టి మరకలతో. నాలుగు వరసల అక్షరాలు. లోర్నా చైనా బడి రెండో తరగతిలోనే మానేసింది. కానీ మొదటి అక్షరం పసిపిల్లలకి కూడా తెలుసు. కింద నాలుగు కాళ్ళున్న గుర్రం. చైనా మాటలో గుర్రమంటే మా.

"మా సెక్ హుంగ్. ఊరి పేరు కూడా ఉంది. చదవమంటారా?"

సూయ్ హా చదవలేదు. ఆవిడకి చదువు రాదు. పలక దగ్గరికి వచ్చి ఆ గుర్రం కాళ్ళ మీద వేలు పెట్టి, అలాగే నిలబడింది.

వాల్టర్ లోర్నా మీదకి తిరిగాడు. గొంతు కీచుమంది. "నువ్వా చెప్పేది? మీ తాత జ్యూంగ్ కాదు. ఈ ఊళ్ళో అందరికీ తెలుసు."

"కాదు. చిన్. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు మా నానమ్మ చెప్పింది."

"ఒక్క ఇటుక బయటికొస్తే ఇక్కడ కూర్చున్న ప్రతివాడి పేరూ ఊడుతుంది. ఇళ్ళు, పెన్షన్లు, మనవల పేర్లు. అర్థమవుతోందా నీకు?"

"మీ కాగితాల జోలికి నేను రాను. అది నా కేసు కాదు. నా కేసు ఇటుక. అది ఎక్కడుంది?"

"ఏట్లో పారేశాను."

"మూడు కప్పులు పోసి దండం పెట్టినవాడు ఏట్లో పారెయ్యడు. మీ చేత కాలేదు. మీరే ఇస్తే బాగుంటుంది."

వాల్టర్ కదల్లేదు. కదిలింది బట్టతల ముసలాయన. కర్ర పట్టుకుని మెల్లగా పీఠం దాకా నడిచి ఎర్ర గుడ్డ ఎత్తాడు. లౌ పూర్వీకుల పలకల వెనకాల ఇటుక. శుభ్రంగా కడిగి ఉంది. ముందర మూడు చిన్న కప్పులు.

"నలభై ఎనిమిదిలో ఇదే హాల్లో మాట్లాడుకున్నాం," అన్నాడు ముసలాయన, ఎవరి వైపూ చూడకుండా. "ఎముకలు మా సెక్ హుంగ్ సొంతూరికి వెళ్తే, ఆయనకి కూతురే కదా, ఈ లౌ కొడుకు ఎక్కణ్ణుంచొచ్చాడని అడుగుతారు. కొడుకు వచ్చేశాడు, తండ్రి ఇక్కడే ఉంటాడు అని రాసి గుంట ముట్టుకోలేదు. చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నా."

"పదేళ్ళు," అంది సూయ్ హా. "మా అమ్మ పదేళ్ళు పెట్టెలు వెతికింది."

"ఆ కాగితం మీ అమ్మే అమ్మింది," అన్నాడు వాల్టర్. "రెండు బస్తాల బియ్యానికి. మా వాళ్ళు కొన్నారు. దొంగిలించలేదు."

"అమ్మింది. నేను ఆ బియ్యం తిన్నాను. కాగితం అమ్మింది రా, మొగుణ్ణి అమ్మలేదు. మీరు కాగితంతో పాటు మా నాన్నని కూడా ఉంచేసుకున్నారు."

వాల్టర్ కుర్చీలో కూలబడ్డాడు. ఇప్పుడా గొంతు హాలంత లేదు. పద్నాలుగేళ్ళప్పుడు ఓడ ఎక్కించారట. కన్నతండ్రి పేరు మర్చిపొమ్మన్నారట. ఉత్తరం రాస్తే పట్టుబడతానని ఒక్కటి కూడా రాయలేదట. ఆ కన్నతండ్రి ఎప్పుడు పోయాడో, ఎక్కడ పూడ్చారో ఇప్పటికీ తెలీదట.

"నాకున్న తండ్రి ఈయనే," అన్నాడు. "యాభై తొమ్మిదేళ్ళు ఈయన గుంట దగ్గర మందు పోశాను. తారు పోశాక కూడా మానలేదు. కార్ల మధ్య నిలబడి పోశాను. జనం నవ్వేవాళ్ళు. నువ్వొచ్చి అరిస్తే నేను... కాల్చేస్తే అయిపోతుందనుకున్నా. అందరికీ."

"శుక్రవారం దహనం ఉందా?" అని అడిగింది లోర్నా.

వాల్టర్ తల అడ్డంగా ఊపాడు. లోర్నా కాగితం ముందుకి తోసింది. ఎముకల మీద హక్కు వదులుకుంటున్నట్టు. సంతకం దగ్గర పెన్ను ఆగింది. ఏ పేరు రాయాలి అన్నట్టు చూశాడు.

"కోర్టుకి తెలిసిన పేరే," అంది లోర్నా.

రాశాడు. 4.50 అయింది.

సూయ్ హా ఇటుకని గుడ్డలో చుట్టి బకెట్లో పెట్టుకుంది. గ్రెగ్ సాయం చెయ్యబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చింది. పీఠం దగ్గర ఆగి మూడు కప్పుల్లో ఒకటి ఎత్తి వాసన చూసింది.

"ఏంటిది?"

"విస్కీ," అన్నాడు వాల్టర్. "మంచిదే. ఎప్పుడూ మంచిదే పోశాను."

"మా నాన్న తాగడు."

వాల్టర్‌కి అర్థం కాలేదు.

"చుక్క ముట్టడు. వాళ్ళ నాన్న తాగి పోయాడని ఒట్టేసుకున్నాడు. యాభై తొమ్మిదేళ్ళు పోశావు, ఆయన ఒక్కసారి కూడా తాగుండడు." కప్పు కింద పెట్టింది. "నీకిచ్చిన పుస్తకంలో అది రాయలేదా వింగ్ కే? మెట్లెన్నో రాశారు, బావెక్కడో రాశారు. ఇది రాయలేదా?"

 

ఆవిడ బకెట్ ఎత్తుకుని తలుపు దాకా వెళ్ళింది. బరువుకి ఒక పక్కకి ఒరిగిపోతోంది.

"ఏప్రిల్లో సమాధుల పండగకి," అన్నాడు వాల్టర్ వెనక నుంచి. మధ్యలో ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "ఆయన్ని ఎక్కడ పెడతావో చెప్తావా?"

సూయ్ హా వెనక్కి తిరగలేదు.

"చెప్పకపోతే వెతుక్కోలేవా? నేను వెతుక్కోలేదూ?" గడప దాటింది. బయట నుంచి గొంతు వినపడింది. "వస్తే టీ తీసుకురా."